రియల్ ఎస్టేట్‌లోకి కొత్తగా వస్తున్నాను: ముందు ఎవరిని కలవాలి, ఏం నేర్చుకోవాలి?

కొత్తనేల

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 31. ఉద్యోగం ఉంది, అప్పులు లేవు, ఏడేళ్లుగా దాచిన డబ్బు కొంత ఉంది. అద్దె వచ్చే ఆస్తి ఒకటి కొని, దాని మీద నేర్చుకుని, తర్వాత ఇంకొకటి కొనాలని కోరిక. మా ఇంట్లో ఎవరికీ ఈ అనుభవం లేదు, అడుగుదామంటే మనిషి లేడు.

ఇన్వెస్టర్ల మీటింగులకి రెండుసార్లు వెళ్లాను. ఇరవై దాకా విజిటింగ్ కార్డులు తెచ్చుకున్నాను. వారం తర్వాత ఫోన్ చేస్తే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అమ్మడానికే చూశారు. నిజంగా పెట్టుబడి పెట్టేవాళ్లు ఎక్కడ ఉంటారు? నాలాంటి కొత్తవాడితో వాళ్లు ఎందుకు మాట్లాడతారు? ఇది మొదటి ప్రశ్న.

రెండోది, డబ్బు కట్టి కోర్సు చేయడం అవసరమా? మూడోది, ఆ మీటింగులో ఒకాయన "ధరలో 75 శాతం లోన్ తీసుకో, ఈఎంఐ అద్దెకున్నవాళ్లే కట్టేస్తారు, నీ జేబులోంచి పైసా పోదు" అన్నాడు. వినడానికి బాగుంది. నిజమేనా?

లెక్కలపుస్తకం

స్వాగతం. మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

ఇంటి ధర 100 అనుకుందాం. ఏ దేశం డబ్బైనా సరే, లెక్క మారదు. ఏడాదికి అద్దె 6 వస్తుందనుకోండి. ఈ 6 మొత్తం మీది కాదు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 0.5 పోయింది. రిపేర్లకి 0.6, పన్నూ ఇన్సూరెన్సూ కలిపి 0.4, చూసుకునే మనిషికి 0.5. మొత్తం ఖర్చు 2. మిగిలింది 4. దీన్నే నికర ఆదాయం అంటాం. ధరలో ఇది 4 శాతం కాబట్టి ఈ ఇంటి క్యాప్ రేటు 4.

ఇప్పుడు 75 లోన్ తీసుకున్నారు. 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఏడాదికి ఈఎంఐలు కలిపితే 7.53. ఇల్లు ఇచ్చేది 4, బ్యాంకు అడిగేది 7.53. ప్రతి ఏటా 3.53 మీ జీతంలోంచి పోతుంది. మొదటి ఏడాది కట్టిన దాంట్లో దాదాపు 5.9 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 1.6 మాత్రమే.

ఇదే ఇల్లు తన ఈఎంఐ తనే కట్టుకోవాలంటే లోన్ 40 దాటకూడదు. అంటే 60 మీ చేతి డబ్బు కావాలి, దాని మీద కొనుగోలు ఖర్చులు వేరే. "పైసా పోదు" అన్న పెద్దమనిషిని ఈసారి కలిస్తే క్యాప్ రేటు ఎంత, వడ్డీ ఎంత, రెండే అడగండి. క్యాప్ రేటు వడ్డీ కన్నా తక్కువైతే, ఎంత అప్పు ఎక్కువ తీసుకుంటే మీ డబ్బు మీద ఏటా వచ్చే రాబడి అంత తగ్గుతుంది. ఇందులో మార్పేమీ ఉండదు.

అద్దెఇల్లు

లెక్కలపుస్తకం గారూ, లెక్క తప్పని అనను, కానీ అద్దె ఏటా పెరుగుతుంది కదా, ఈఎంఐ మాత్రం అలాగే ఉంటుంది. మీరు మొదటి ఏడాది మాత్రమే చూపించారు. నేను రెండు ఇళ్లు అద్దెకి ఇస్తున్నాను, మొదటిది ఇప్పుడు తన ఖర్చు తనే మోస్తోంది.

లెక్కలపుస్తకం

న్యాయమైన మాట. అద్దె, ఖర్చులు రెండూ ఏటా 5 శాతం పెరుగుతాయనుకుందాం. 4గా మొదలైన నికర ఆదాయం 7.53ని దాటేది 14వ ఏడాదిలో. వడ్డీ రేటు మారకపోతేనే ఇది. అప్పటిదాకా జీతం ఆగకుండా రావాలి. మీరు నిలబడ్డారు, సంతోషం. మీరు ఎంత శాతం లోన్ తీసుకున్నారో కూడా చెబితే కొత్తనేల గారికి ఉపయోగం.

అద్దెఇల్లు

సగం కన్నా తక్కువే. మీరన్నది నిజమే. చేతి డబ్బు ఎక్కువ పెట్టాను కాబట్టే నాకు నిద్ర పట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ లెక్కలో రిపేర్లకి ఏటా 0.6 అన్నారు. నిజంగా అయితే అది ఏటా కొంచెం కొంచెంగా రాదు. మూడేళ్లు ఏమీ రాదు, నాలుగో ఏడాది పైకప్పు కారుతుంది, అదే నెలలో మోటారు కాలిపోతుంది. అందుకే ఆ 0.6 ఖర్చు లేని ఏడాది కూడా విడిగా ఒక అకౌంట్లో పడాలి. నేను మొదటి మూడేళ్లూ అది లాభమనుకుని వాడేశాను. నాలుగో ఏడాది పర్సనల్ లోన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కొత్తనేల

చాలా థ్యాంక్స్ అండీ. మరి ధర పెరుగుదల సంగతి? ఏటా 3.53 నేను కట్టినా, పదేళ్లకి ధర పెరిగితే అమ్ముకోవచ్చు కదా?

లెక్కలపుస్తకం

పెరగొచ్చు. అయితే అప్పుడు మీరు చేసేది అద్దె వ్యాపారం కాదు, ధర మీద పందెం. రెండూ వేరని తెలిసి చేస్తే తప్పేమీ లేదు.

తెలియకుండా చేస్తే ఏమవుతుందో చూడండి. మీ చేతి డబ్బు 25. ధర 20 శాతం పెరిగితే 25 కాస్తా 45 అవుతుంది. అప్పుని అందరూ పొగిడేది దీన్ని చూసే. ధర అదే 20 శాతం పడితే ఇంటి విలువ 80, అప్పు 75, మీ చేతిలో మిగిలేది 5. ధర ఐదో వంతు పడింది, మీ డబ్బు ఐదింట నాలుగు వంతులు పోయింది. ధర అసలు కదలకపోయినా, మన లెక్క ప్రకారం పదేళ్ల తర్వాత ఇంకా 51.7 అప్పు ఉంటుంది. అమ్మితే 48 చేతికి వస్తుంది. అప్పటికి మీరు పెట్టింది, అద్దె పెరగలేదనుకుంటే, డౌన్ పేమెంట్ 25, ఏటా 3.53 చొప్పున 35, మొత్తం 60.

"నేల ధర ఎప్పుడూ పడదు" అనేవాళ్లకి జపాన్ గుర్తుచేయండి. 1991 తర్వాత అక్కడి పెద్ద నగరాల్లో నేల ధరలు పదేళ్లకు పైగా పడుతూనే ఉన్నాయి. 2008 నాటికి అమెరికాలో ఇళ్ల విలువ కన్నా అప్పే ఎక్కువైన కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. వాళ్లందరూ తెలివి తక్కువవాళ్లు కాదు.

పాతగుమ్మం

కొత్తనేలా, నీ మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. తమ్ముడు అనుకుని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్లయింది. మొదట్లో నేనూ కార్డులే పోగుచేశాను.

ఆ మీటింగులకి వచ్చేవాళ్లలో కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు ఎక్కువ. అది వాళ్ల తప్పు కాదు, బయటికి వచ్చి పదిమందికి చెప్పుకోవాల్సిన అవసరం అమ్మేవాళ్లదే. కొని పెట్టుకున్నవాళ్లకి ఆ అవసరం లేదు, సాయంత్రం వాళ్లు ఇంట్లోనే ఉంటారు. కాబట్టి ఆ మనుషుల్ని ఆ హాల్లో వెతకడం మానెయ్. వాళ్ల పనులు చేసిపెట్టే మనుషుల దగ్గరికి వెళ్లు. పది ఇళ్లకి ప్లంబింగ్ చూసే మేస్త్రీకి, ఆ పది ఇళ్ల ఓనర్లు ఎలాంటివాళ్లో, ఏ ఇల్లు నీళ్లకి ఇబ్బంది పడుతుందో, ఎవరు అమ్మే ఆలోచనలో ఉన్నారో తెలుసు. బ్యాంకుల తరఫున ఇళ్లకి విలువ కట్టే ఇంజినీరుకి, కాగితం మీద ధరకీ అసలు ధరకీ తేడా తెలుసు. ఆస్తి పత్రాలు చూసే లాయరుకి, ఏ వీధిలో వాటాల తగాదాలు ఎక్కువో తెలుసు. అద్దెకున్నవాళ్లని కూడా అడుగు. ఆ ఇంట్లో వాళ్లు ఉన్నంతసేపు ఓనరు ఉండడు కదా. నాకు మొదటి ఇల్లు చూపించింది ఒక ఎలక్ట్రీషియన్.

ఇక "నాలాంటి కొత్తవాడితో ఎందుకు మాట్లాడతారు" అన్నావు. ఆ ప్రశ్న సరైనది, చాలామంది అది వేసుకోరు. ఉత్త చేతులతో వెళ్లి "నాకు నేర్పించండి" అంటే ఎవరికైనా భారమే. నీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. డబ్బు కానక్కర్లేదు.

నువ్వు చేయాల్సింది ఇది. నీకు అరగంటలో చేరుకోగలిగే ఒక చిన్న ప్రాంతం ఎంచుకో, నాలుగైదు వీధులు చాలు. అక్కడ ఒక నలభై ఇళ్లు రాసుకో. ఎంత అద్దె అడుగుతున్నారు, చివరికి ఎంతకి ఇచ్చారు, బోర్డు పెట్టాక ఎన్ని రోజులకి నిండింది, అమ్మకానికి పెట్టినవి ఎంత అన్నారు, ఎంతకి పోయాయి. మూడు నెలలు ప్రతి ఆదివారం ఇదే పని. మొదటి నెల విసుగ్గా ఉంటుంది. మూడో నెలకి, ఆ వీధుల్లో ఇల్లున్న ఓనరుకి కూడా తెలియని సంగతి నీకు తెలుస్తుంది. అది పట్టుకుని వెళ్లి, "అండీ, మీ పక్క వీధిలో రెండు గదుల ఇళ్లు పది రోజుల్లో నిండుతున్నాయి, మూడు గదులవి రెండు నెలలు ఖాళీగా ఉంటున్నాయి, ఎందుకంటారు?" అని అడిగి చూడు. కుర్చీ వేసి కూర్చోబెడతారు.

కోర్సు సంగతి అడిగావు. నలభై ఇళ్ల పుస్తకం నువ్వే రాసుకున్నాక కూడా కావాలనిపిస్తే చెయ్. నాకు అనిపించలేదు.

మెట్లదారి

పాతగుమ్మం అక్క చెప్పినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త, 1973లో అచ్చయిన పరిశోధన కోసం, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగి చూశాడు. రోజూ కలిసే దగ్గరివాళ్ల ద్వారా దొరికింది దాదాపు 17 శాతానికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా 56 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్ల ద్వారా 28 శాతం. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కొంచెం దూరంగా ఉన్న మనిషి దగ్గర ఉంటుంది అన్నది ఆయన చెప్పిన కారణం. అది ఉద్యోగాల సంగతే అయినా, ఇళ్ల విషయంలో నేను చూసిందీ ఇదే. అక్క చెప్పిన ఎలక్ట్రీషియన్ అలాంటి మనిషే. ఒకసారి మాట్లాడి వదిలేయకుండా, రెండు మూడు నెలలకోసారి పలకరిస్తూ ఉంటే చాలు.

రెండోతాళం

నేను ఇక్కడ ఎక్కువగా రాయను. ఈ చర్చ చూశాక రాయాలనిపించింది.

నాలుగేళ్ల క్రితం నేనూ ఇలాగే మనుషుల కోసం వెతికాను, ఒక గ్రూపులో చేరాను. మంచివాళ్లు, మర్యాదగా ఉండేవాళ్లు. అందరం కలిసి పెద్ద స్థలం కొంటున్నాం, అభివృద్ధి చేసి అమ్మేదాకా నెలనెలా రాబడి ఇస్తాం అన్నారు. నా మూడేళ్ల పొదుపు ఇచ్చాను. ఏడు నెలలు డబ్బు సరిగ్గా పడింది. ఆ నమ్మకంతో మా అన్నయ్యని కూడా చేర్చాను. ఎనిమిదో నెల ఆగిపోయింది. పత్రాలు తీయిస్తే స్థలం గ్రూపు పేరు మీద లేనే లేదు. నా దగ్గరున్నది ఒక రసీదు. కేసు నడుస్తోంది. నా డబ్బు కన్నా అన్నయ్య డబ్బు గురించే ఎక్కువ బాధ.

అప్పుడు నేను వేసుకోని ప్రశ్న ఒక్కటే ఉంది: ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, మరి నెలనెలా ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకి పంచుతున్నారు, అంతే. ఇది కొత్త మోసం కూడా కాదు. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ ఇలాగే దొరికాడు. శిక్ష పడి బయటికి వచ్చాక 1925లో ఫ్లోరిడా వెళ్లి, 60 రోజుల్లో 200 శాతం లాభం అని చెప్పి ప్లాట్లు అమ్మాడు. అందులో కొన్ని నీళ్లలో ఉన్నాయి.

కొత్తనేల గారూ, ఎవరితో స్నేహం చేసినా చేయండి. డబ్బు మాత్రం అమ్మేవాళ్ల చేతికో, మధ్యలో చట్టబద్ధంగా పట్టి ఉంచే అకౌంటుకో వెళ్లాలి. స్నేహితుడి అకౌంటుకి కాదు. ఈ మాట అంటే ఎవరైనా నొచ్చుకుంటే, అక్కడే ఆగిపోండి.

పాతగుమ్మం

రెండోతాళం, ఇది రాసినందుకు థాంక్స్ అమ్మా. రాయడం తేలిక కాదని తెలుసు.

నేను కొత్త మనిషిని కలిసినప్పుడు ఒకటి అడుగుతాను: "మీకు బాగా దెబ్బ తగిలిన కొనుగోలు ఏది?" నిజంగా కొన్నవాళ్లు వెంటనే చెబుతారు, వివరాలతో సహా, ఒక్కోసారి గంట సేపు. ఇప్పటిదాకా అన్నీ లాభాలే అనే మనిషి దగ్గర నేను రెండో టీ కప్పు దాకా ఉండను.

సర్వేరాయి

నేను సర్వే పనిలో ఉన్నాను. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడ: "రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి హక్కు ఖాయం" అనుకోవడం. చాలా చోట్ల ప్రభుత్వ ఆఫీసు రికార్డు చేసేది పత్రాన్ని మాత్రమే. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందా లేదా అన్నది ఆ ఆఫీసు తేల్చదు, మీరే తేల్చుకోవాలి. అందుకే పాత యజమానుల గొలుసు మొత్తం, లింకు డాక్యుమెంట్లతో (అంటే వెనకటి అమ్మకాల పత్రాలతో) సహా వెనక్కి చదవాలి.

కొన్ని దేశాల్లో పద్ధతి వేరు. రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన కస్టమ్స్‌లో పని చేసిన మనిషి. ఓడల యాజమాన్యాన్ని రిజిస్టర్‌లో రాసే పద్ధతి చూసి, భూమికీ అలా ఎందుకు ఉండకూడదనుకున్నాడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో దాన్ని చట్టంగా తెచ్చారు. అక్కడ రిజిస్టర్‌లో పేరు ఉండటమే హక్కు, వెనకటి గొలుసు తవ్వక్కర్లేదు. మీరు కొనే చోట ఈ రెండింటిలో ఏ పద్ధతి నడుస్తోందో లాయరుని మొదటి రోజే అడగండి. మీరు ఎంత వెనక్కి వెతకాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఇంకా, కాగితంలో ఉన్న కొలతలు నేల మీద కొలిపించండి. గోడ కట్టిన చోటే హద్దు అనుకోవద్దు. పక్కవాళ్లు ఉన్నప్పుడే కొలవాలి, అప్పుడే అభ్యంతరాలు బయటికి వస్తాయి. కొనే ముందు బయటపడితే అది బేరానికి పనికొచ్చే విషయం, కొన్న తర్వాతైతే కోర్టు.

కొత్తనేల

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. రెండుసార్లు చదివాను. రెండోతాళం గారూ, మీ కేసు త్వరగా తేలాలని కోరుకుంటున్నాను.

ఇంకో సందేహం. నా దగ్గరున్నది ధరలో 60 శాతం పెట్టేంత డబ్బు కాదు. ఒక స్నేహితుడు సగం పెడతానంటున్నాడు. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. అలా కొనొచ్చా?

సగంవాటా

కొనొచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను, ఇప్పటికీ కలిసే ఉన్నాం. అయితే చిన్నప్పటి స్నేహం కాబట్టి కాగితం అక్కర్లేదు అనుకోకండి. చిన్నప్పటి స్నేహం కాబట్టే కాగితం కావాలి. డబ్బు ఇవ్వడానికి ముందు ఇద్దరూ కూర్చుని, ఇబ్బంది కలిగించే ప్రశ్నలన్నీ వేసుకోండి. ఒకరికి ఉద్యోగం పోతే ఆ ఈఎంఐ వాటా ఎవరు కడతారు, దానికి బదులు వాటా పెరుగుతుందా? పైకప్పుకి పెద్ద ఖర్చొస్తే ఒకరు వద్దంటే ఎలా? ఒకరు బయటికి పోవాలంటే వాళ్ల వాటాకి ధర ఎవరు నిర్ణయిస్తారు, దాన్ని కొనడానికి మిగిలినవారికి ఎంత గడువు? ఒకరు చనిపోతే వారసులతో కలిసి నడపాలా, కొనేయాలా? ఫోన్లు ఎత్తి, తాళాలు మార్పించి, అద్దె వసూలు చేసే మనిషికి ఆ పనికి విడిగా ఏమైనా ఇస్తారా?

మా గొడవ ఈ చివరి దాని మీదే వచ్చింది. డబ్బు సమానంగా పెట్టాం, పని మాత్రం నా మీదే పడింది. రెండేళ్లు లోపల పెట్టుకున్నాను, ఒకరోజు మాట తూలాను. తర్వాత ఇద్దరం కూర్చుని, అద్దెలో కొంత శాతం పని చేసేవాళ్లకని రాసుకున్నాం. పత్రంలో ఆ ఒక్క వాక్యం మొదటే ఉంటే ఆ రెండేళ్ల దూరం ఉండేది కాదు.

పేరు మాత్రం ఇద్దరిదీ ఉండాలి. "ప్రస్తుతానికి నా పేరు మీద" అనేది వద్దు.

మెట్లదారి

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఇంకో దారి, రీట్స్, అంటే అద్దె వచ్చే ఆస్తుల్ని పట్టి ఉంచే సంస్థలు. 1960లో అమెరికా చట్టంతో మొదలై చాలా దేశాలకి వచ్చాయి. పెద్ద ఆఫీసులు, మాల్స్ లాంటి ఆస్తుల్లో చిన్న వాటా షేరులాగా కొనుక్కోవచ్చు. అమెరికాలో అయితే పన్ను పడే ఆదాయంలో కనీసం 90 శాతం వాటాదారులకి పంచాలన్న నియమం ఉంది. వాటిలో డబ్బు పెట్టకపోయినా వాటి వార్షిక నివేదికలు చదవండి, ఉచితం. ఎంత శాతం నిండి ఉంది, ఏ లీజు ఎప్పుడు ముగుస్తుంది, నికర ఆదాయం ఎలా లెక్కగట్టారు, అన్నీ ఉంటాయి. లెక్కలపుస్తకం గారు 100 మీద చేసిన లెక్కే అక్కడ పెద్ద అంకెల్లో కనిపిస్తుంది.

కొత్తనేల *(పదమూడు వారాల తర్వాత)*

అక్క చెప్పినట్టే చేశాను. నలభై కాదు, 43 ఇళ్లు. ఒక ఆదివారం జ్వరం వల్ల వెళ్లలేదు, మిగతా అన్నీ వెళ్లాను. తెలిసినవి కొన్ని: అడిగిన అద్దెకే పోయినవి 11 మాత్రమే. మెట్రో స్టేషన్‌కి దగ్గరగా ఉన్నవి ముందు నిండుతాయనుకున్నాను, కాదు. స్కూలుకి నడిచి వెళ్లగలిగే వీధి ముందు నిండుతోంది, అదీ సెలవులు ముగిసే ముందు రెండు వారాల్లో. అమ్మకానికి పెట్టిన ఆరింటిలో రెండే అమ్ముడుపోయాయి. క్యాప్ రేటు లెక్కేస్తే అన్నిటికీ 3కీ 4.5కీ మధ్య వస్తోంది.

నా లెక్కలు చూపిస్తే ఒక రిటైర్డ్ టీచర్ గారు, ఆ వీధిలోనే మూడు ఇళ్లున్నావిడ, తన పాత ఖర్చుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. పదిహేనేళ్ల రిపేర్లు, తేదీలతో సహా. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారు.

ఇంకా ఏమీ కొనలేదు. స్నేహితుడూ నేనూ సగంవాటా గారి ప్రశ్నలకి జవాబులు రాస్తున్నాం, నాలుగోది ఇంకా తేలలేదు. లిస్టులో 14వ నంబరు ఇల్లు మాత్రం మనసులో ఉంది. ఐదు నెలలుగా అమ్ముడుపోలేదు, ఓనరు ధర రెండుసార్లు తగ్గించారు.

అద్దెఇల్లు

ఐదు నెలలు నిలిచిపోయిందంటే కారణం ఉంటుంది. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి పై గది సీలింగు చూశారా?

సర్వేరాయి

వెనక గోడ కూడా. దాని అవతల ఎవరిదో కనుక్కోండి.

కొత్తనేల

రెండూ చూడలేదు. టీచర్ గారి పుస్తకంలో ఆ ఇంటి పక్కింటి వెనక గోడ రెండుసార్లు కట్టించినట్టు ఉంది. ఎందుకో ఆదివారం అడుగుతాను.